ఒకటో బోర్డు మీద ఎడమ చెయ్యి

పద్మారావు నగర్‌లో కాంతమణి ఇల్లెక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెలియదంటారు. గడియారం టీచర్ ఇల్లని అడగండి, మందుల షాపతను మెట్లు దిగి వచ్చి మరీ చూపిస్తాడు. ముప్ఫై మూడేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన మనిషి. గంట కొట్టాక గడప దాటిన పిల్ల ఆఫీసరు కూతురైనా, ఆయా కూతురైనా ఆ పీరియడంతా వరండాలో నిలబడాల్సిందే. సొంత కూతురు జెరూషాను కూడా రెండుసార్లు నిలబెట్టింది. జెరూషాకు ఇప్పుడు నలభై ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆ రెండు రోజుల సంగతి ఎత్తి తల్లిని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

భర్త రోనాల్డ్ మెతక మనిషి. "అందరికీ ఆజ్ఞలు పది. మా ఇంట్లో పదకొండు. పదకొండోది రోజుకొకటి మారుద్ది" అని చర్చి సంఘంలో నలుగురి ముందూ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. కాంతమణి మాత్రం మారదని సరిదిద్దేది.

చదరంగంలోకి ఆవిడ వచ్చిన దారి కూడా చిత్రమైనదే. ఆవిడకు ఎత్తులు తెలుసు, పైఎత్తులు తెలియవు. ఇరవై రెండేళ్ల కిందట బడి పిల్లల్ని ఒక పోటీకి తీసుకెళ్తే, రావాల్సిన ఆర్బిటర్ రాలేదు. ఆర్బిటర్ అంటే పోటీలో తప్పొప్పులు చెప్పే మనిషి. ఎవరో ఒక నియమాల పుస్తకం చేతిలో పెట్టి, "టీచరుగారూ, మీరు కూర్చోండి, చిన్నపిల్లల ఆటే కదా" అన్నారు. ఆవిడ ఆ పుస్తకాన్ని కూర్చున్నచోటే అట్టనుంచి అట్టవరకు చదివేసింది. ముక్క ముట్టుకుంటే అదే కదపాలి. ఏ చేత్తో ముక్క కదిపితే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ఎదుటివాడి ధ్యాస చెదరగొట్టకూడదు. ఇంత ఒద్దికైన లోకం ఒకటుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. మర్నాటికల్లా పరీక్షకు దరఖాస్తు పెట్టింది. అప్పట్నుంచి సికింద్రాబాద్‌లో ఏ మూల పోటీ జరిగినా, తెల్ల నేత చీర, మెడలో విజిల్ లేని తాడుకు వేలాడే పెన్ను, చేతిలో నల్ల అట్ట నోటుబుక్కుతో గడియారం టీచర్ ఉండాల్సిందే. ఆవిడున్న హాల్లో ఈగ కూడా అడిగి వాలుతుందని ఆటగాళ్లు అనుకునేవాళ్లు.

ఒక్కసారి మాత్రం దెబ్బ తిన్నది. పన్నెండేళ్ల కిందటి మాట. ఒక పెద్దాయన ఆడుతూ ఆడుతూ పాలిపోయి కనిపిస్తే, కాంతమణికి జాలేసి దగ్గరికెళ్లి, "మంచినీళ్లు కావాలా?" అని మెల్లగా అడిగింది. ఆయన తల ఎత్తాడు, వద్దన్నాడు, మళ్లీ బోర్డు చూసి, అంతవరకు కనబడని ఎత్తు ఏదో కనబడి గెలిచేశాడు. ఎదుటివాళ్లు ఊరుకుంటారా? ఆర్బిటరమ్మ సైగ చేసిందన్నారు. కమిటీవాళ్లు విచారించి, ఏమీ తేల్చలేక, ఇకమీదట కారణం లేకుండా ఆటగాళ్లతో మాట్లాడరాదని ఒక కాగితం రాసి పంపారు. ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో ఒక్క మెమో తీసుకోని మనిషికి ఆ కాగితం చెంపదెబ్బ కంటే ఎక్కువైంది. ఆ తర్వాత హాల్లో నియమం చెప్పడానికి తప్ప ఏ ఆటగాడితోనూ నోరు విప్పలేదు. జాలి ఒక రకం పక్షపాతమని తనకు తానే చెప్పుకుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి కదా, ఆ మాట మీదే నిలబడింది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మొన్న జూలైలో ఒక ఆదివారం పొద్దున పది గంటల ఇరవై అయిదు నిమిషాలకు, రెజిమెంటల్ బజార్‌లో ఒక హాల్లో, ఒక మనిషి ప్రాణం కాంతమణి కళ్లముందు జారడం మొదలుపెట్టింది. హాల్లో ఉన్న అరవైమందిలో అది చూసింది ఆవిడొక్కతే. చూసి, నియమం ప్రకారం చేయాల్సింది చేసింది.

ఆ మనిషి పేరు నోవహు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, వచ్చే ఏడు రిటైర్మెంటు. కాంతమణి వెళ్లే సంఘంలోనే పాటల బృందం క్వయర్‌లో కింది గొంతు అతనిది. అతను పాడుతుంటే ముందు బెంచీ చెక్కలో వణుకు తెలిసేదని ముసలమ్మలు అనేవాళ్లు. వరసకు కాంతమణికి తమ్ముడవుతాడు. బయట "అక్కా" అంటాడు, హాల్లో మాత్రం "మేడం" అంటాడు. ఆవిడ అలా నేర్పింది.

నోవహు మామూలు ఆటగాడు కాదు. రైల్వే జట్టుకు ఇరవై ఏళ్లు ఆడాడు. బిరుదులున్నవాళ్లను కూడా మట్టి కరిపించాడు. రాష్ట్రం జట్టులోకి మాత్రం ఒక్కసారీ పోలేదు. ప్రతిసారీ అర పాయింటు తక్కువ. ముక్కను గడిలో పెట్టాక నట్టు బిగించినట్టు కొంచెం తిప్పి వదలడం అతని అలవాటు. ఆ వెంటనే అదే కుడిచేతి చూపుడువేలుతో గడియారం నొక్కేవాడు. స్కోర్‌షీటు మీద ఎత్తులు అచ్చు వేసినట్టు రాసేవాడు. అతని కాగితం ఒకటి కాంతమణి కొత్త ఆర్బిటర్లకు నమూనాగా చూపించేది కూడా.

ముందురోజు, శనివారం సాయంత్రం, నోవహు భార్య గ్లోరియా కాంతమణికి ఫోను చేసింది.

"అక్కా, ఈయన మళ్ల బీపీ గోలీలు బంద్ పెట్టిండు. మ్యాచ్ ఉన్నన్ని దినాలు ఏసుకోడంట. ఏసుకుంటె ఊకె బాత్రూంకు లేవాల్సొస్తదంట, బోర్డు ముంగట కూసోనియ్యదంట. నాలుగు దినాలాయె అక్కా. నేను చెప్తె ఇంటడా."

"ఆయన చిన్నపిల్లాడా, గ్లోరియా?"

"రేపు మీరే ఉంటరు కద. జెర చూస్తుండుండ్రి."

"హాల్లో అడుగు పెట్టాక నేనెవరికీ అక్కను కాను. నీకు తెలుసు కదా."

"తెల్సక్కా. మాట్లాడకుండ్రి. మొఖమన్న చూడుండ్రి. మొఖంల తేడా వస్తె మీకు తెల్వదా?"

కాంతమణి చూస్తానంది. అన్న మాట తప్పే మనిషి కాదు కాబట్టి గ్లోరియా ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంది.

చివరి రౌండు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. ఆరాధన వేళకే ఆట పెట్టారని సంఘంలో సణుగుడు ఉండనే ఉంది. రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న సదాశివ ఈ పోటీ నడిపిస్తాడు. ఆట పిచ్చి తప్ప వేరే వ్యసనం లేని మనిషి. "మేడం, ఇయ్యాల ఒకటో బోర్డు చూడనీకె నేను దుకాణం సుత తెరవలే" అని మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. ఒకటో బోర్డు మీద నోవహు, విజయేందర్. ఇద్దరికీ సమానంగా పాయింట్లు. గెలిచినవాడు రాష్ట్రం జట్టులోకి వెళ్తాడు. విజయేందర్‌కు ముప్ఫై ఏళ్లుంటాయి, బ్యాంకులో ఆఫీసరు. చుట్టుపక్కల జిల్లాల్లో అతన్ని ఓడించగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మర్యాదస్తుడు. నోవహుకు వంగి నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది, చినుకు లేదు. హాల్లో ఉక్క. పైన తిరిగే ఫ్యాన్లు తిరుగుతున్నాయే గానీ గాలి కిందికి రావడం లేదు. కాంతమణికి లేచినప్పట్నుంచీ ఒంట్లో ఏదో చికాకుగా ఉంది. కారణం తెలియని చికాకు ఆవిడకు నచ్చదు. అందుకే దాన్ని పక్కకు నెట్టి గడియారాలన్నీ రెండోసారి సరిచూసింది. ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ఎత్తు వేసిన ప్రతిసారీ ముప్ఫై సెకన్లు కలుస్తాయి. తొమ్మిదిన్నరకు ఆట మొదలుపెట్టించింది.

నోవహుకు తెల్లపావులు. మొదటి గంట అతనిదే. ముక్కలు ఒక్కొక్కటే వచ్చి తమ చోట్లో కూర్చుంటున్నాయి. విజయేందర్ ముందుకు వంగి, రెండు చేతులతో తల పట్టుకుని ఆలోచిస్తున్నాడు. సదాశివ తాడు అవతల నిలబడి పెదవి కొరుక్కుంటున్నాడు.

పది ఇరవై అయిదుకు నోవహు గుర్రాన్ని కుడిచేత్తో ఎత్తి గడిలో పెట్టాడు. తిప్పలేదు. గడియారాన్ని ఎడమచేత్తో నొక్కాడు.

కాంతమణి నాలుగడుగుల దూరంలో ఉంది. ఎదుటివాడు ఫిర్యాదు చేయలేదు, గమనించను కూడా లేదు. ఆవిడ వెళ్లి గడియారం ఆపింది. "కదిపిన చేత్తోనే నొక్కాలి. ఇది హెచ్చరిక" అంది, కళ్లు గడియారం మీద పెట్టి.

"సారీ, అక్కా" అన్నాడు నోవహు.

మాట కొంచెం మందంగా వచ్చింది. అది ఆవిడ చెవిన పడింది. కానీ దానికంటే ముందు "అక్కా" అన్న మాట పడింది. ఇరవై రెండేళ్లలో హాల్లో ఎన్నడూ అలా పిలవలేదు. పక్క బోర్డువాళ్లు తలలెత్తి చూశారు. విజయేందర్ కూడా చూశాడు. ఆర్బిటరమ్మ తమ్ముడట అని రేపు బజారంతా అనుకుంటుందని ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుస్తకం తెరిచి టైము వేసి హెచ్చరిక అని రాసుకుంది. వెనక్కి వచ్చి, అతని వైపు కాకుండా, కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

పది యాభైకి మళ్లీ అదే. కుడిచెయ్యి బంటును తోసింది, ఎడమచెయ్యి గడియారం నొక్కింది. కాంతమణి మళ్లీ గడియారం ఆపి, రెండోసారి తప్పుకు జరిమానాగా నల్లపావుల వైపు రెండు నిమిషాలు కలపడానికి చెయ్యి పెట్టింది.

"మేడం, పర్లేదు, ఛోడ్‌దో" అన్నాడు విజయేందర్ గొంతు తగ్గించి. "సార్ ఎట్ల నొక్కినా నాకేం తక్లీఫ్ లేదు."

"నీకుందా లేదా అని కాదు, బాబూ. నియమం ఉంది" అంది.

రెండు నిమిషాలు కలిపింది. నోవహు ఈసారి ఏమీ అనలేదు. తల ఆడించాడు. బుద్ధిమంతుడు, నేర్చుకున్నాడు. ఆ తర్వాత ముక్క కదపడమూ, గడియారం నొక్కడమూ రెండూ ఎడమచేత్తోనే చేశాడు. నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కుడిచెయ్యి ఒళ్లో పడుకోబెట్టినట్టు ఉంది. దాన్ని కాంతమణి తప్ప ఎవరూ చూడలేదు.

ఎడమచేత్తోనే రాయడం కూడా మొదలుపెట్టాడు. పెన్ను ఒకసారి జారి బల్ల కిందికి దొర్లింది. అతను దానికోసం వంగలేదు, దొర్లినవైపు చూడనూ లేదు. కాంతమణే వంగి తీసి, మాట్లాడకుండా స్కోర్‌షీటు పక్కన పెట్టింది. పెడుతుంటే కాగితం కనిపించింది. పదిహేడో ఎత్తు వరకు అచ్చు అక్షరాలు. పద్దెనిమిది నుంచి అక్షరాలు గడి దాటి కిందికి జారిపోతున్నాయి. ఇరవై నాలుగో ఎత్తు రెండుసార్లు రాసి ఉంది.

మనసు కీడు శంకించింది. శంకించలేదని ఆవిడ తర్వాత ఎవరితోనూ అనలేదు. రెండడుగులు అతని ముఖం వైపు వేసింది కూడా. అప్పుడే పన్నెండేళ్ల కిందటి మంచినీళ్ల మాట కాళ్లకు అడ్డం పడింది. ఆట అతని వైపు మొగ్గుతోంది. ఇప్పుడు తను వెళ్లి పలకరిస్తే, అతను గెలిస్తే, ఆ గెలుపును ఎవరు గెలుపంటారు? ఎడమచేతి రాత వంకరగా ఉండక ఎలా ఉంటుంది? కళ్లజోడు మార్చాడేమో. నియమం ఒప్పుకునేవన్నీ వరసగా చెప్పుకుని వెనక్కి తగ్గింది. నిజానికి ఆవిడ భయపడింది. నియమం అనే మాట భయానికి మంచి ముసుగు.

పదకొండు యాభైకి విజయేందర్ మర్యాదగా అడిగాడు. "సార్, డ్రా?"

నోవహు అతని వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఒక పక్కే కదిలాయి, అది కాంతమణి కంటా పడింది. చప్పుడు రాలేదు. నాలుగు నిమిషాలు చూసి, ఎడమచేత్తో బంటును ముందుకు తోశాడు. చదరంగంలో డ్రా అడిగితే జవాబు చెప్పాలని లేదు, ఎత్తు వేస్తే వద్దన్నట్టే. విజయేందర్ ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత అతను చెప్పిన మాట ఇది: "నన్ను చూసి ఎగతాళిగ నవ్విండనుకున్న. మూతి గట్ల వంకర పెట్టిండు. మనసుల పడ్డది నాకు."

అందరూ అట్లాగే అనుకున్నారు. నోవహు ఇవ్వాళ మంచి ఊపు మీదున్నాడనుకున్నారు. ఇంత బలమైనవాడు డ్రా ఇస్తే కాదన్నాడంటే, ఏదో పెద్దదే చూశాడన్నారు. మిగతా బోర్డుల ఆటలు ఒక్కొక్కటే ముగిశాయి, ఆడినవాళ్లంతా వచ్చి తాడు చుట్టూ చేరారు. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపించనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని కాంతమణే ఇరవై రెండేళ్లుగా నేర్పింది.

పన్నెండున్నరకు బోర్డు మీద నోవహు గెలుపు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. గుర్రం ఒక్క గంతు వేస్తే నల్లరాజుకు పారిపోయే చోటు లేదు. సదాశివ పక్కవాడి భుజం నొక్కి, "గుర్రం, గుర్రం. అయిపాయె" అని పెదాలతోనే అన్నాడు. విజయేందర్ కూడా చూశాడు. చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు, శిక్ష కోసం కూర్చున్న మనిషిలా.

నోవహు గుర్రాన్ని కదపలేదు.

అయిదు నిమిషాలు. పది. ఎడమచెయ్యి బల్ల అంచు మీద ఉంది. కళ్లు బోర్డు మీద ఉన్నాయి. అంత తేలికైన ఎత్తు ఎందుకు వెయ్యడం లేదు? అంతకంటే గొప్పదేదో ఉందా? తాడు అవతల గొప్ప గొప్పవాళ్లంతా ఆ లేని ఎత్తు కోసం బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. విజయేందర్ మళ్లీ ముందుకు వంగాడు. నుదుటి మీది చెమట బోర్డు మీద రాలింది. నోవహు చూసింది తనకు కనబడటం లేదని అతనికి భయం పట్టుకుంది. ఇరవై నిమిషాలైంది.

ఆఖరి అయిదు నిమిషాల్లో టైము ముగియడం కనిపెట్టి ఉండటం ఆర్బిటరు విధి. కాంతమణి వెళ్లి బల్ల పక్కన, నోవహు కుడి భుజానికి చెయ్యెడు దూరంలో నిలబడింది. అంత దగ్గర నిలబడి ఆవిడ చూసింది గడియారాన్నే. నాలుగు నిమిషాలు. మూడు. కొంచెం తల తిప్పితే కనిపించేంత దగ్గరలో అతని ముఖం ఉంది. చూస్తానని గ్లోరియాతో అంది. చూస్తే మాట్లాడాల్సి వస్తుందని ఆవిడకు లోలోపల తెలుసు. ఒక నిమిషం. అంకెలు ముప్ఫై, ఇరవై, పది అయ్యాయి. సున్నా పడింది.

"టైం అయిపోయింది. నల్లపావులు గెలిచాయి" అంది.

పన్నెండు యాభై ఎనిమిది. విజయేందర్ నమ్మలేనట్టు లేచి చెయ్యి చాచాడు. నోవహు ఆ చేతి వైపు చూస్తూ కుడివైపుకు ఒరిగి, ఒరిగినవాడు ఒరిగినట్టే కుర్చీతో సహా నేలమీద పడ్డాడు.

ఆ తర్వాత అంతా ఉరుకులు పరుగులు. అంబులెన్సు రావడానికి పావుగంట. ముందు తీసుకెళ్లిన నర్సింగ్ హోంలో స్కానింగ్ లేదన్నారు. అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి చేరేసరికి రెండూ పది. స్ట్రెచరు పక్కన సదాశివ, కాంతమణి పరుగెత్తారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చురుకైన మనిషి. నోవహు కళ్లలో లైటు వేసి చూసి, చెయ్యి ఎత్తి వదిలి, మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడే మేడం, ఒంటిగంటకు" అన్నాడు సదాశివ. "మంచిగనే ఆడుతుండె. ఒక్కపారిగ పడిపోయిండు."

"అంతకుముందు ఏ ఇబ్బందీ లేదా?"

"అస్సల్ లేదు. గెలుపు మీదుండె."

కాంతమణి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గ్లోరియా తలుపు తోసుకుని వచ్చింది. సంఘం నుంచి నేరుగా వచ్చినట్టు, బైబిలు సంచి భుజానే ఉంది. వస్తూనే కాంతమణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీరున్నరు, గదే చాలక్కా. మీరు దగ్గర లేకుంటె ఏమయ్యేటోడో" అంది. కాంతమణి నోరు మూసుకుంది. అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన అవసరమే రాలేదు.

డాక్టరమ్మ కాగితం మీద ఒంటిగంట అని రాసింది. "అయితే టైముంది. స్కానింగ్‌లో ఇంకో కేసు నడుస్తోంది, అది కాగానే తీసుకెళ్తాం" అంది. నోవహు స్ట్రెచరును గోడవారగా నిలబెట్టారు. ఆ కేసు ముగియడానికి అరగంట పట్టింది. కాంతమణి ఆ అరగంటా గ్లోరియా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. టైము ఎక్కువ ఉందంటే నోవహుకు మంచిదే కదా అనుకుంది. ఇప్పుడు పదింటి సంగతి చెప్పి ఎవరికి లాభం అనుకుంది. లెక్కల టీచరు ఒక లెక్కను ఇంత తప్పుగా చేయడం అదే మొదటిసారి.

మూడు గంటలకు డాక్టరమ్మ ఒక కాగితం, పెన్ను తీసుకుని వచ్చి గ్లోరియా ముందు కూర్చుంది.

"మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డుపడిందమ్మా. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తే చెయ్యి, మాట తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఆ గంటలు దాటాక ఇవ్వం. ఇస్తే తలలో రక్తం కారి మనిషే పోవచ్చు. మీవారికి రెండు గంటలే అయింది కాబట్టి భయపడకండి. ఇక్కడ సంతకం పెట్టండి."

గ్లోరియా పెన్ను అందుకుంది. కాంతమణి గోడ గడియారం వైపు చూసింది. మూడూ రెండు. పది ఇరవై అయిదుకు నాలుగున్నర గంటలు కలిపితే రెండు యాభై అయిదు. ఆ కూడికకు ఆవిడకు కాగితం అక్కర్లేదు. ఇంకా నోరు మూసుకుంటే అతన్ని చంపినట్టే. తెరిస్తే అతని చెయ్యీ మాటా తనే తీసేసినట్టు.

"ఆగు, గ్లోరియా" అంది. "డాక్టరుగారూ, ఒంటిగంటకు కాదండీ. పది ఇరవై అయిదుకు కుడిచెయ్యి సరిగా లేదు. పది యాభై తర్వాత అసలు కదల్లేదు. పదకొండు యాభైకి మాట లేదు, మూతి ఒక పక్కకు పోయింది."

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "అందాజుగా చెప్తున్నారా?"

"కాదు. నేను పక్కనే ఉన్నాను. టైము చూశాను."

డాక్టరమ్మ వాచీ చూసుకుంది. కోపం తెచ్చుకోలేదు, అలిసిపోయినట్టు మాట్లాడింది. "వచ్చినప్పుడే చెప్పి ఉంటే ముందు ఈయన్నే స్కానింగ్‌కు పంపేదాన్ని కదమ్మా. రెండున్నరకల్లా ఇంజెక్షన్ పడేది." గ్లోరియా ఒళ్లోంచి కాగితం తీసుకుని మడిచింది. "ప్రాణానికి చేతనైనంతా చేస్తాం. చెయ్యి, మాట సంగతి మాత్రం ఇప్పుడు నేను హామీ ఇవ్వలేను" అని లోపలికి వెళ్లిపోయింది.

సదాశివ తల దించుకుని గోడకు ఆనుకున్నాడు. గ్లోరియా మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చెయ్యి పడిపోతుంటె చూసిన్రా అక్కా?"

"చూశాను."

"చూసి ఏం చేసిన్రు?"

దీనికి కప్పిపుచ్చే జవాబులు లేకపోలేదు. అర్థం కాలేదనవచ్చు. డాక్టరును కానుగా అనవచ్చు. కాంతమణికి అవేవీ రాలేదు. అడిగినదానికి అడిగినంతవరకు జవాబు చెప్పడమే ఆవిడకు తెలుసు.

"మొదటిసారి హెచ్చరించాను. రెండోసారి రెండు నిమిషాలు జరిమానా వేశాను."

గ్లోరియా బెంచీ మీంచి లేచింది. సంతకం కోసం ఇచ్చిన పెన్ను ఇంకా ఆమె వేళ్ల మధ్యే ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక పట్టుకునే నిలబడింది.